అమ్మమ్మ ఒంటి దుద్దు: అమ్మేద్దామా, ఉంచుకుందామా?

హోస్ట్: నమస్తే అండి. ఈరోజు నా పక్కన మా పిన్ని ఉంది. ముప్పై ఏళ్లు బ్యాంకులో చేసి రిటైరైంది. అందులో చాలాకాలం బంగారం అప్పుల కౌంటర్లోనే. పిన్నీ, ఇదిగో, తెచ్చాను.

పిన్ని: ఏదీ, ఇలా ఇవ్వు. ఇంకా ఆ గులాబీ కాగితంలోనే ఉందా!

హోస్ట్: వినేవాళ్ల కోసం చెబుతున్నా. ఏడురాళ్ల దుద్దు, ఒక్కటే. చుట్టూ ఆరు కెంపులు, నడుమ ఒకటి. వెనక శీల కొంచెం వంగింది. దీని జత ఏమైందో నువ్వే చెప్పాలి.

పిన్ని: నాట్లప్పుడు పోయింది. నాకు తొమ్మిదేళ్లు. మధ్యాహ్నం గట్టు మీద అన్నానికి కూర్చున్నాక అమ్మ చెవి తడుముకుంది. బోసిగా ఉంది. ఇంక ఎవరూ ముద్ద ముట్టలేదు. మడిలో నీళ్లు తీసేసి, ఇంట్లోంచి జల్లెడ తెచ్చి, చీకటి పడేదాకా బురద జల్లించాం. దొరకలేదు. మర్నాటి నుంచి అమ్మ చెవులకు వేపపుల్లలే. ఈ రెండోది తీసి కుంకుమ భరిణెలో దాచేసింది.

హోస్ట్: ఇప్పుడు నా సంగతి. అమ్మ పళ్ల వైద్యానికి క్రెడిట్ కార్డు వాడాను. ఇంకా 22 వేలు ఉంది. ఎనిమిది నెలలుగా మినిమమ్ డ్యూ మాత్రమే కడుతున్నా. ‘ఇది అమ్మేసి తీర్చెయ్యవే’ అంటోంది అమ్మ. నాకేమో చేతులు రావడం లేదు. ధర ఇంకా పెరుగుతుందేమో అని కూడా ఉంది.

పిన్ని: నీ కార్డు వడ్డీ ఎంత?

హోస్ట్: నెలకు మూడున్నర శాతం.

పిన్ని: అంటే ఏడాదికి నలభై దాటింది. 2025లో పది గ్రాముల మేలిమి బంగారం లక్ష దాటితే అందరం నోరెళ్లబెట్టాం. అలాంటి ఏడాది ప్రతిసారీ రాదు తల్లీ. కార్డు వడ్డీ మాత్రం ప్రతి నెలా వస్తుంది.

హోస్ట్: కుదువ పెడితే? వస్తువు పోదు కదా.

పిన్ని: నెలనెలా అసలు కూడా కట్టగలిగేవాళ్లకు అది మంచి దారే. కార్డు కన్నా వడ్డీ చాలా తక్కువ. రెండున్నర లక్షల లోపు అప్పుకు విలువలో 85 శాతం దాకా ఇవ్వొచ్చని 2025 జూన్‌లో ఆర్‌బీఐ ఆదేశాలు కూడా ఇచ్చింది. కానీ నా కౌంటర్లో చూసింది చెప్తా. వేలానికి పోయినవాటిలో ఇలాంటి చిన్నవి ఎన్నో. ఒక ఉంగరం, ఒక జత మాటీలు. ‘వచ్చే నెల విడిపిస్తా మేడమ్’ అంటారు. వడ్డీ కట్టి మళ్లీ రాయించుకుంటారు. అలా రెండుసార్లు, మూడుసార్లు. చివరికి నోటీసు. మినిమమ్ డ్యూ దగ్గరే ఆగిపోయినదానివి నువ్వు కుదువ జోలికి పోవద్దు. ఇదే జతగా ఉండి, నువ్వు పెట్టుకునేదానివైతే వేరేలా చెప్పేదాన్ని.

హోస్ట్: ఒక షాపులో అడిగాను, పేరెందుకులే. తూకం వేసి 4.1 గ్రాములన్నారు. కొత్త వస్తువు తీసుకుంటే పూర్తి రేటు, డబ్బయితే కోత అన్నారు.

పిన్ని: కొత్త వస్తువు మాట ఎత్తకు. దానికి తరుగు, మజూరి, పైన 3 శాతం జీఎస్టీ. ఇంటికొచ్చేసరికి అప్పు అలాగే ఉంటుంది. ఆ 4.1 కూడా రాళ్లతో కలిపిన తూకం. రాళ్ల కింద లక్క ఉంటుంది చూడు, ఈ అంచు దగ్గర నల్లగా కనిపిస్తోంది, అదే. అవన్నీ పోతే మూడు గ్రాములు మిగిలితే గొప్ప.

హోస్ట్: మూడేనా!

పిన్ని: ఇది మన ఊరి కంసాలి చేసింది. హాల్‌మార్కు లేదు. టంకం కూడా కలిసి ఉంటుంది. 916, అంటే 22 క్యారెట్ల బంగారం అనుకుని లెక్క వేసుకోకు. ముందు బీఐఎస్, అదే హాల్‌మార్కు సంగతులు చూసే ప్రభుత్వ సంస్థ, దాని గుర్తింపున్న పరీక్ష కేంద్రానికి వెళ్దాం. నాలుగు వస్తువుల దాకా 200 రూపాయలు రుసుం పెట్టారు. రిపోర్టు ఇస్తారు. అది పట్టుకుని రెండు మూడు షాపులు తిరుగుదాం. నీ కళ్ల ముందే రాళ్లు, లక్క తీసి మళ్లీ తూచమను. రెండు తూకాలూ కాగితం మీద రాయించు. డబ్బు ఖాతాలో వేయించుకుని ఆ రోజే కార్డు కట్టెయ్.

హోస్ట్: మరి రాళ్లకు ఎంత కడతారు?

పిన్ని: ఇలాంటి చిన్న పాత రాళ్లకు ఏమీ కట్టరు. అడిగి తెచ్చుకోవాలి, లేకపోతే అక్కడే ఉండిపోతాయి. ఆ ఏడూ నాకిస్తావా?

హోస్ట్: పిన్నీ...

పిన్ని: అమ్మ అన్నం పెడుతూ వంగితే ఇవే నా కళ్లకెదురుగా ఉండేవి. బంగారం ఎప్పుడూ నా కంట పడలేదే. ఈ ఎరుపే చూసేదాన్ని.

హోస్ట్: శనివారం వెళ్దాం. భరిణె కూడా తెస్తాను.