ఫోన్-ఇన్: హెచ్‌ఐవీ ఉంటే కిడ్నీ మార్చరా?

యాంకర్: ఖమ్మం వైపు నుంచి ఒకరు లైన్లో ఉన్నారు. పేరు చెప్పక్కర్లేదమ్మా, అడగండి.

కాలర్: నమస్తే డాక్టర్ గారూ. మా తమ్ముడికి హెచ్‌ఐవీ. చాలా ఏళ్లుగా ఏఆర్‌టీ మందులు, అదే వైరస్‌ని అదుపులో ఉంచేవి, వాడుతున్నాడు. ఇప్పుడు కిడ్నీలు పోయి డయాలసిస్‌లో ఉన్నాడు. నా కిడ్నీ ఇద్దామని వెళ్తే, ఒక ఆసుపత్రిలో ‘హెచ్‌ఐవీ వాళ్లకు చేయం’ అనేశారు.

డాక్టర్: పాతికేళ్ల కిందట ఆ మాట అన్నారంటే అర్థముంది, ఇప్పుడు కాదు. అమెరికాలో 150 మంది హెచ్‌ఐవీ రోగులకు కిడ్నీ మార్చి, 2010లో ఫలితాలు ప్రచురించారు. మూడేళ్ల తర్వాత వందకు 88 మంది బతికే ఉన్నారు. కాకపోతే కొత్త కిడ్నీని ఒళ్లు తిరస్కరించడం మాత్రం మిగతావాళ్లకంటే ఎక్కువే, అది దాచను. మీ తమ్ముడి వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ ఎంతుందమ్మా?

కాలర్: కనపడట్లేదన్నారు. సీడీ4 410.

డాక్టర్: సీడీ4 అంటే రోగనిరోధక కణాల లెక్క. కిడ్నీ మార్చడానికి అది 200 దాటితే చాలంటారు. మందులేంటి?

కాలర్: మొదటివి పనిచేయట్లేదని మార్చారు సార్. అటజనవిర్, రిటోనవిర్ అని ఉంది.

డాక్టర్: అసలు చిక్కు ఇదీ. మార్పిడి తర్వాత, కొత్త కిడ్నీని ఒళ్లు తిరస్కరించకుండా టాక్రోలిమస్ లాంటి మందు రోజూ వేసుకోవాలి. రిటోనవిర్ దాన్ని ఒంట్లోంచి త్వరగా పోనివ్వదు. రక్తంలో దాని మోతాదు పెరిగిపోయి, తెచ్చిపెట్టిన కిడ్నీనే దెబ్బతీస్తుంది. డోలుటెగ్రావిర్ అని ఇంకో హెచ్‌ఐవీ మందుంది, దానితో ఈ గొడవ లేదు. దానికి మార్చడం కుదురుతుందా అని ఏఆర్‌టీ సెంటర్‌లో ముందే అడగండి. అప్పటిదాకా ఒక్క మాత్ర కూడా ఆపొద్దు. కిడ్నీ డాక్టరు, ఏఆర్‌టీ డాక్టరు ఫోన్లో మాట్లాడుకుంటే సగం పని అయిపోతుంది. మన దగ్గర జరగనిదే అది!

కాలర్: నాకేమైనా అంటుకుంటుందా? మా అత్తగారికి అదే టెన్షన్.

డాక్టర్: మీ కిడ్నీ అతనికి వెళ్తుంది, అతని రక్తం మీకు రాదు. మీ బీపీ, షుగర్ ఎలా ఉన్నాయన్నదే మీ విషయంలో ముఖ్యం.

యాంకర్: ఆసుపత్రి మళ్లీ కాదంటే?

డాక్టర్: హెచ్‌ఐవీ ఉందన్న ఒక్క కారణంతో వైద్యం నిరాకరిస్తే 2017 హెచ్‌ఐవీ చట్టం ప్రకారం అది వివక్షే. ఇలాంటి ఫిర్యాదులు వినే రాష్ట్ర అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు పెట్టొచ్చు, పెట్టండి కూడా. కానీ ఇష్టం లేనివాళ్లతో పోట్లాడి వాళ్ల చేతే ఆపరేషన్ చేయించుకోవడం నాకు నచ్చదు. ఇలాంటి రోగులకు చేసిన యూనిట్ వెతకండి. వెళ్లేటప్పుడు ఏఆర్‌టీ సెంటర్ వాళ్లు ఇచ్చే గ్రీన్‌బుక్ మర్చిపోకండి, ఏ మందు ఎప్పుడు మార్చారో వాళ్లు చూడాలి.

కాలర్: సరే సార్, ఉంటాను.

యాంకర్: తర్వాతి కాలర్ కర్నూలు నుంచి. చెప్పండి...