పాట మధ్యలో ఫ్యాన్ లేవకూడదంటే: ఇంట్లో రికార్డింగ్‌కి ఏ కంప్యూటర్ తీసుకోవాలి

అందరికీ నమస్కారం. ముందు ఒక 20 సెకన్లు ఇది వినండి, హెడ్‌ఫోన్స్ ఉంటే పెట్టుకుని వినండి.

విన్నారు కదా, మా చెల్లి మోహన రాగం ఆలాపన చేస్తోంది, వెనకాల తంబూర యాప్ నడుస్తోంది. సగం దాటాక కింద నుంచి ఒక హోరు మెల్లగా పైకి లేచింది, అది మా పాత అసెంబుల్డ్ పీసీ. మే నెల మధ్యాహ్నం అది. రికార్డింగ్ కోసం ఏసీ ఆపేశాం, సీలింగ్ ఫ్యాన్ ఆపేశాం, కిటికీలు మూసేశాం, గది వేడెక్కింది, దాంతో సీపీయూ డబ్బా కూడా వేడెక్కి సరిగ్గా తను తారస్థాయికి వెళ్తున్న చోట లోపలి ఫ్యాన్ స్పీడు పెంచేసింది. మళ్లీ పాడించాం గానీ అంత బాగా రాలేదు, ఆ టేక్ పోయినందుకు నాకు ఇప్పటికీ బాధే.

ఇందులో ఒక చిన్న లెక్కుంది, చెప్తా. మా డబ్బాలో ఫ్యాన్‌కి 7 రెక్కలు. నిమిషానికి 1500 సార్లు తిరిగితే సెకనుకి 25 సార్లు, 25 ఇంటు 7 అంటే 175 హెర్ట్జ్, అది దాదాపు 4 శ్రుతి. అదే ఫ్యాన్ 1680కి వెళ్తే 196 హెర్ట్జ్, అంటే 5 శ్రుతి! అంటే తను పాడుతుంటే పక్కన ఇంకెవరో సన్నగా శ్రుతి మారుస్తూ రాగం తీస్తున్నట్టే కదా. మామూలు మాటల రికార్డింగ్‌లో ఇది అంత తెలీదు గానీ, సంగీతంలో చెవికి వెంటనే పట్టేస్తుంది.

కాబట్టి కంప్యూటర్ కొనేటప్పుడు నేను ముందు చూసేది ఒక్కటే, రికార్డింగ్ జరుగుతున్నంతసేపూ దాని శబ్దం ఒకేలా ఉంటుందా లేదా. ఒకేలా ఉండే సన్నటి హోరుని నాయిస్ రిడక్షన్‌తో కొంతవరకు తీసేయొచ్చు, ఎందుకంటే సాఫ్ట్‌వేర్‌కి దాని నమూనా ఇస్తాం కదా, ఆ నమూనాతో పోలిన దాన్ని తీసేస్తుంది. మధ్యలో మారిపోయే శబ్దానికి నమూనా ఎక్కడుంటుంది? గట్టిగా తీయబోతే గొంతు కూడా పోతుంది, స, శ, హ లాంటి అక్షరాలు నీళ్లలోంచి వినపడినట్టు వస్తాయి. పైగా కంప్రెసర్, అంటే గొంతులో హెచ్చుతగ్గుల్ని సమం చేసే ఎఫెక్ట్, పెట్టి గొంతుని 12 డెసిబెల్స్ పైకి లేపితే మాటల మధ్య గ్యాపుల్లో ఆ హోరు కూడా 12 లేస్తుంది.

సరే, కొనే ముందు ఒక పని చేయండి, దీనికి పైసా ఖర్చు లేదు. మైకు మామూలుగా ఎక్కడ పెడతారో అక్కడే పెట్టి, గెయిన్, అంటే మైకు శబ్దాన్ని పెంచే నాబ్, మీ గొంతుకి ఎంత పెడతారో అంతే పెట్టి, ఒక నిమిషం ఏమీ మాట్లాడకుండా రికార్డ్ చేయండి. తర్వాత ఒక పది నిమిషాలు 4కే వీడియో మ్యూట్‌లో నడిపి డబ్బాని వేడెక్కించి మళ్లీ ఒక నిమిషం. ఆడిబుల్‌కి ఆడియోబుక్స్ తీసుకునే ఏసీఎక్స్ వాళ్లు అడిగేది నాయిస్ ఫ్లోర్, అంటే ఎవరూ మాట్లాడనప్పుడు మిగిలే శబ్దం, మైనస్ 60 డెసిబెల్స్ కంటే కింద ఉండాలని, మీరూ అదే గుర్తు పెట్టుకోండి.

ఇప్పుడు స్క్రీన్ చూడండి, ఆడాసిటీ అనే ఉచిత ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆ ఖాళీ నిమిషాన్ని సెలెక్ట్ చేసి అనలైజ్ మెనూలో ప్లాట్ స్పెక్ట్రమ్ నొక్కుతున్నా. ఈ ముళ్లలా లేచినవి ఉన్నాయి కదా, అవే దొంగలు. 50, 100 హెర్ట్జ్ దగ్గర లేస్తే చాలావరకు అది కరెంటుకి సంబంధించింది, ఇన్వర్టరో, పాత ట్యూబ్‌లైట్ చోకో, సరిగా లేని ఎర్తింగో. 120 దగ్గర సన్నగా నిటారుగా ఉంటే 7200 ఆర్పీఎం హార్డ్ డిస్క్‌ని అనుమానించండి, 7200ని 60తో భాగిస్తే 120 కదా. ఫ్యాన్‌ది ఇందాకటి లెక్కే, రెక్కలు లెక్కపెట్టుకోండి. ఇది ఎందుకు చెప్తున్నానంటే కంప్యూటర్ మార్చేసి డబ్బులు పెట్టాక చివరికి అది పక్క గదిలో ఫ్రిజ్ అని తేలితే ప్రాణం ఉసూరుమంటుంది.

ఇక కొనే సంగతి. మీది గొంతు రికార్డింగే అయితే, అంటే కథలు చదవడం, డబ్బింగ్, పాట ఒకటి రెండు ట్రాకులు, నా ఓటు అసలు ఫ్యాన్ లేని లాప్‌టాప్‌కే. మ్యాక్‌బుక్ ఎయిర్‌లో 2020 చివర్లో వచ్చిన ఎం1 నుంచి ఫ్యాన్ లేదు, ఆ తర్వాత వచ్చిన ఎం2, ఎం3, ఎం4లో కూడా లేదు. ఫ్యాన్ లేదు కాబట్టి బాగా వేడెక్కితే అదే స్పీడు తగ్గించుకుంటుంది, ఎక్స్‌పోర్ట్ కాస్త ఆలస్యం అవుతుందేమో గానీ శబ్దం మాత్రం చేయదు, నాకు ఆ బేరం ఇష్టమే. సెకండ్ హ్యాండ్ ఎం1 అయినా మాటల పనికి సరిపోతుంది, బ్యాటరీ హెల్త్ చూసి తీసుకోండి. యూఎస్‌బీ పోర్టులు సీ రకంవి మాత్రమే ఉంటాయి, మీ ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకుని కంప్యూటర్‌కి కలిపే పెట్టె) కేబుల్ పాతది అయితే ఒక కన్వర్టర్ కావాలి. టేక్ తీసేటప్పుడు చార్జర్ పీకేయండి, మన ఇళ్లలో ఎర్తింగ్ సంగతి తెలిసిందే, సగం హమ్ అక్కడే పోతుంది.

గేమింగ్ లాప్‌టాప్ మాత్రం ఈ పనికి వద్దు. పవర్ ఎక్కువ ఉంటుంది, ఒప్పుకుంటా, కానీ సన్నటి బాడీలో చిన్న ఫ్యాన్లు, అవి గాలి తోయాలంటే చాలా వేగంగా తిరగాలి, ఆ జుయ్యిమనే కూత సరిగ్గా మైకుకి బాగా వినపడే చోట ఉంటుంది. అరచేతంత మినీ పీసీలతో కూడా ఇదే ఇబ్బంది, కొన్ని బాగుంటాయి గానీ ఫ్యాన్ శబ్దం విన్నాకే కొనండి.

ట్రాకులు ఎక్కువ, వాయిద్యాల ప్లగిన్లు (కంప్యూటర్‌లోనే వాయిద్యాల శబ్దం పుట్టించే సాఫ్ట్‌వేర్) ఎక్కువ అంటారా, అప్పుడు డెస్క్‌టాప్ అసెంబుల్ చేయించుకోండి. సికింద్రాబాద్‌లో సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కి వెళ్తే షాపువాళ్లు ముందు గ్రాఫిక్స్ కార్డ్ ఏది కావాలని అడుగుతారు, ఆడియోకి అది అక్కర్లేదు, దాంతో పాటు దాని ఫ్యాన్లూ దాని వేడీ కూడా వస్తాయి. లోపలే గ్రాఫిక్స్ ఉండే 65 వాట్ల ప్రాసెసర్ తీసుకోండి, రైజెన్ 5 5600జీ, ఇంటెల్ ఐ5 12400 ఆ కోవలోవే. మిగిలిన డబ్బు ప్రాసెసర్‌ని చల్లబరిచే కూలర్ మీద పెట్టండి. 120 లేదా 140 మిల్లీమీటర్ల పెద్ద ఫ్యాన్ నిదానంగా తిరిగితే చాలు, 80 మిల్లీమీటర్ల ఫ్యాన్ అంత గాలే తోయాలంటే పరిగెత్తాలి. నాక్టువా ఫ్యాన్లకి మంచి పేరుంది, రేటు కూడా అలాగే ఉంటుంది. ఏ కంపెనీదైనా 4 పిన్నులది అడగండి, దాని స్పీడుని మదర్‌బోర్డు చక్కగా అదుపు చేస్తుంది. హార్డ్ డిస్క్ వద్దు, ఎస్ఎస్‌డీలో తిరిగేదే ఏమీ ఉండదు. లోపల స్పాంజ్ అతికించిన సైలెంట్ కేసులు అమ్ముతారు, మన దుమ్ముకి మన ఎండకి నేనైతే జాలీ ఉన్న కేసే తీసుకుంటా, గాలి ఆడితే ఫ్యాన్ నిదానంగా తిరుగుతుంది. టేబుల్ అరలో పెట్టి తలుపు మూసేయడం అన్నిటికంటే తప్పు, కాసేపటికి వేడెక్కి ఇంకా గట్టిగా అరుస్తుంది.

ఇప్పుడు అసలు కొనకుండానే. దుమ్ము దులపండి, ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య పూసే థర్మల్ పేస్ట్ ఎండిపోయుంటే మార్పించండి. బయోస్‌లో, అంటే పీసీ ఆన్ అయ్యేటప్పుడు తెరిచే సెట్టింగ్స్‌లో, ఫ్యాన్ కర్వ్ ఉంటుంది, ఎంత వేడికి ఫ్యాన్ ఎంత స్పీడులో తిరగాలో చెప్పే గీత అది, 65 డిగ్రీల దాకా గీత చదునుగా ఒకే తక్కువ స్పీడులో పెట్టండి, ఆ పైన మాత్రం పెరగనివ్వండి, అక్కడ తగ్గించకండి, ప్రాసెసర్‌కి మంచిది కాదు. విండోస్ పవర్ ఆప్షన్స్‌లో మ్యాక్సిమం ప్రాసెసర్ స్టేట్ 100 నుంచి 99కి దించితే ప్రాసెసర్ అప్పుడప్పుడు స్పీడు పెంచుకునే టర్బో బూస్ట్ ఆగిపోతుంది, వేడి బాగా తగ్గుతుంది, కొన్ని లాప్‌టాప్‌లలో ఈ ఆప్షన్ కనపడదు. కార్డియాయిడ్ మైకు వెనక నుంచి వచ్చే శబ్దాన్ని తక్కువ వింటుంది కాబట్టి డబ్బా మైకు వీపు వైపు ఉండాలి, ఎంత దూరం అయితే అంత మంచిది, నేల మీద కింద రబ్బరు ముక్క వేసి పెట్టండి, టేబుల్ మీద పెడితే అదురు స్టాండ్ గుండా మైకులోకి ఎక్కుతుంది. యూఎస్‌బీ 2 కేబుల్ 5 మీటర్ల దాకా పనిచేస్తుంది, అంటే డబ్బాని హాల్లో పెట్టి కేబుల్‌ని తలుపు కిందనుంచి లాగొచ్చు.

మేం చేసింది ఇదే. పీసీ పాతదే, కర్వ్ మార్చాం, హార్డ్ డిస్క్ తీసేసి ఎస్ఎస్‌డీ వేశాం, డబ్బా హాల్లోకి వెళ్లింది. మధ్యాహ్నం మానేసి తెల్లవారుజామున 5కి కూర్చున్నాం, గది చల్లగా ఉంటుంది, రోడ్డు మీద ఆటోలు కూడా తిరగవు. అదే మైకు, అదే మోహన, ఇందాక హోరు లేచిన చోటే జాగ్రత్తగా వినండి.