ఒట్టి చేతులతో డ్రాగన్‌ను చంపగలరా?

[తెర: నల్లని నేపథ్యం. తెల్లని అక్షరాలు ఒక్కొక్కటిగా పడుతుంటాయి.]

మీరు ఒక రోడ్డు చివర నిలబడి ఉన్నారు. ఎదురుగా ఇటుకలతో కట్టిన చిన్న ఇల్లు. చుట్టూ అడవి. ఇంట్లోంచి ఒక పిల్లకాలువ బయటికి వచ్చి పల్లానికి పారుతోంది.

అంతే. బొమ్మ లేదు, సంగీతం లేదు, నొక్కడానికి బటన్ లేదు. కింద కర్సర్ మిణుకుమిణుకుమంటోంది. నేను మొదటిసారి ఈ కంప్యూటర్ ఆటను తెరిచినప్పుడు, అది ఇంకా లోడ్ అవుతోందేమో అనుకుని రెండు నిమిషాలు ఎదురుచూశాను. నవ్వకండి.

ఆ ఎదురుచూపు ఆటదే. మనం టైప్ చేయాలి. దీపం కావాలంటే ‘గెట్ ల్యాంప్’ అని, ఉత్తరానికి నడవాలంటే ‘నార్త్’ అని. ఆట ఒక వాక్యంలో జవాబిస్తుంది, మళ్లీ మన మాట కోసం ఆగుతుంది.

[తెర: గుహల పటం. చేత్తో గీసినట్టు.]

దీని పేరు అడ్వెంచర్. రాసినవారు విల్ క్రౌథర్. ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన అర్పానెట్‌ను నిర్మించిన బీబీఎన్ సంస్థలో ప్రోగ్రామర్. తీరిక దొరికితే గుహల్లోకి దిగే మనిషి. అమెరికాలో కెంటకీ రాష్ట్రంలోని మామత్ గుహల పటాలు గీయడంలో భార్యతో కలిసి పనిచేశారు. విడాకులయ్యాక, 1970ల మధ్యలో, కూతుళ్లు వచ్చినప్పుడు ఆడుకుంటారని ఫోర్‌ట్రాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఈ ఆట రాశారు. అందుకే ఇందులోని గదులు చాలావరకు నిజంగా ఉన్న గుహలే. పిల్లల్ని తీసుకెళ్లలేని చోటును మాటల్లో పెట్టి ఇచ్చాడు తండ్రి.

తర్వాత స్టాన్‌ఫర్డ్‌లో డాన్ వుడ్స్ అనే విద్యార్థికి ఈ ప్రోగ్రాం కంటపడింది. రాసినాయన ఎక్కడున్నారో తెలియక, నెట్‌వర్క్‌లో ఉన్న ప్రతి కంప్యూటర్‌కూ ‘క్రౌథర్’ పేరిట ఉత్తరం పంపారట. అనుమతి దొరికింది. 1977 నాటికి ఆటను బాగా పెంచారు.

ఇక నన్ను కట్టిపడేసిన ఘట్టం.

[తెర: పంజరం, నల్లని కర్ర, చిన్న పిట్ట. గీతల బొమ్మలు.]

గుహలో ఒక చోట పిట్ట పాడుతూ ఉంటుంది. దారిలో దొరికిన పంజరం, నల్లని కర్ర మన దగ్గర ఉన్నాయి. పట్టుకోబోతే ఆట చెబుతుంది: మీరు లోపలికి వచ్చినప్పుడు పిట్ట భయపడలేదు, దగ్గరికి వెళ్లేసరికి కలవరపడింది, మీకు చిక్కడం లేదు. అరగంట రకరకాలుగా ప్రయత్నించాను. చివరికి ఆ వాక్యాన్నే మళ్లీ చదివాను. దగ్గరికి వెళ్లాకే ఎందుకు బెదిరింది? నా చేతిలో ఏముంది? కర్ర! కర్ర కింద పెట్టగానే పిట్ట పంజరంలోకి వచ్చింది. ఆట ఏదీ దాచలేదు, నేనే చదవలేదు.

ఇంకొంచెం లోపల డ్రాగన్ ఉంటుంది. ‘కిల్ డ్రాగన్’ అని కొడితే, “దేనితో? ఒట్టి చేతులతోనా?” అని అడుగుతుంది. వెటకారం అనుకుని అందరం వెనక్కి తిరుగుతాం. అది వెటకారం కాదు, ప్రశ్న. ‘యెస్’ అని కొట్టండి. డ్రాగన్ చచ్చిపోతుంది!

ఇంత చమత్కారం చూసి ఆటకు భాష వచ్చనుకోకండి. అది మనం కొట్టిన రెండు మాటల్లో మొదటి ఐదేసి అక్షరాలు మాత్రమే చూసి తన జాబితాతో పోల్చుకుంటుంది. తెలుగులో ఇలాంటి ఆట రాస్తే ఈ కిటుకు మొదటి అడుగులోనే బోల్తా పడుతుంది. ఇల్లు, ఇంటికి, ఇంట్లో. మూడింటికీ ఉమ్మడిగా మిగిలేది ఒక్క ‘ఇ’.

తర్వాతి కథ క్లుప్తంగా. ఎంఐటీలో ఒక బృందం 1977లో జోర్క్ అనే ఇలాంటి ఆట మొదలుపెట్టింది. అది పూర్తి వాక్యాలను అర్థం చేసుకుంది. జోర్క్‌ను అమ్మిన ఇన్ఫోకామ్ కంపెనీ 1979లో పుట్టింది, 1989లో మూతపడింది. బొమ్మల ఆటల ముందు అక్షరాలకు గిరాకీ నిలవలేదు. అభిమానులు మాత్రం వదల్లేదు. 1993లో గ్రాహం నెల్సన్ ఈ ఆటలు రాయడానికే ఇన్‌ఫార్మ్ అనే ప్రోగ్రామింగ్ భాష తయారుచేశారు. 1995 నుంచి ఏటా ఇలాంటి ఆటల పోటీ జరుగుతోంది.

కొత్తవారికి నా సలహా లాస్ట్ పిగ్ అనే ఆట, 2007 నాటిది. గ్రంక్ అనే ఓర్క్, అంటే కల్పిత కథల్లోని రాక్షసజాతి జీవి, తప్పిపోయిన పంది కోసం వెతుకుతుంటాడు. కథ చెప్పేది అతనే. అతని ఇంగ్లిష్‌కు వ్యాకరణం లేదు కాబట్టి మన ఇంగ్లిష్ గురించి బెంగ అక్కర్లేదు.

అడ్వెంచర్‌తోనే మొదలుపెడతానంటే కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి. ఒకచోట దారులన్నీ మెలికలు తిరిగి అచ్చం ఒకేలా ఉంటాయి. ఒక్కో మలుపులో ఒక్కో వస్తువు వదిలి గుర్తు పెట్టుకోవాలి.

[తెర: నలిగిన కాగితం మీద పెన్సిలు పటం. ఒక గడిలో రాసి కొట్టేసిన మాట.]

ఇది నేను గీసుకున్న పటం. ఈ మూల ‘నాణేలు’ అని రాసి కొట్టేశాను చూడండి. గుర్తుగా నాణేలు వదిలానో లేదో, సముద్రపు దొంగ ఒకడు ఊడిపడి, నా కళ్లముందే వాటిని ఎత్తుకుని చక్కా పోయాడు. కొండ గుహలో సముద్రపు దొంగ ఏమిటని నన్నడగకండి.