గాలం పట్టిన చెయ్యే హద్దు అడిగింది

సభకు నమస్కారం. ఈరోజు నవంబరు 21, ప్రపంచ మత్స్య దినోత్సవం. కర్నూలులో చేపల మీద ప్రసంగమంటే తుంగభద్ర, సుంకేసుల, శ్రీశైలం జలాశయం గురించి వినాలని వచ్చి ఉంటారు. వాటి దగ్గరికి తప్పకుండా వస్తాను. అంతకు ముందు అమెరికాలోని మెయిన్ రాష్ట్రానికి చెందిన ఒక స్త్రీ జీవితం మీకు చెప్పాలి. ఆమె పేరు కార్నీలియా క్రాస్బీ. లోకానికి మాత్రం ఆమె ‘ఫ్లై రాడ్’, అంటే నకిలీ పురుగును ఎరగా విసిరే గాలపు కర్ర, అనే కలం పేరుతోనే తెలుసు.

1854లో ఫిలిప్స్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. పసితనంలోనే తండ్రి పోయారు. తన ఆరోగ్యమూ అంతంతమాత్రమే. బ్యాంకులో ఉద్యోగం చేస్తుండగా, ఆరుబయట గడపమని వైద్యులు సలహా ఇస్తే ఆమె రేంజ్‌లీ సరస్సుల బాట పట్టారు. 1886లో ఒక మిత్రుడు ఆమెకు వెదురుతో చేసిన గాలపు కర్ర కానుకగా ఇచ్చారు. బరువు సుమారు 140 గ్రాములే. మనం బెండు కట్టి, కొక్కేనికి వానపామును గుచ్చి, గట్టు మీద కూర్చుంటాం. ఆ కర్రతో చేసే వేట అలా ఉండదు. కొక్కేనికి ఈకలు, దారాలు చుట్టి పురుగులా తయారు చేస్తారు. బరువంతా దారానిదే. కర్రను ముందుకూ వెనక్కూ ఆడిస్తూ ఆ దారాన్ని గాలిలో సాగదీసి, కోరిన చోట నీటి మీద వాలేలా విసరాలి. చేప సాధారణంగా పెదవి దగ్గరే చిక్కుతుంది కాబట్టి, వదిలిపెట్టదలిస్తే ప్రాణాలతో వదలవచ్చు. ఎరను మింగి కడుపులో కొక్కెం దిగిన చేపను వదిలినా అది బతకడం కష్టం. గాలం వేసే యువకులు ఈ తేడాను గుర్తుంచుకోవాలని నా కోరిక.

తన వేట అనుభవాలను ఆమె ఊరి పత్రికకు రాసి పంపారు. సంపాదకుడికి నచ్చాయి, ఇంకా రాయమన్నారు. కొన్నాళ్లకే ఆ శీర్షిక పెద్ద నగరాల పత్రికలకూ పాకింది. 1890లలో న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో జరిగిన వేటగాళ్ల ప్రదర్శనలో ఆమె మెయిన్ అడవి నుంచి తెచ్చిన దుంగల కుటీరాన్ని నిలబెట్టారు. చీలమండలు కనిపించే లంగా వేసుకున్నారని నగరమంతా చెప్పుకుందట. మనకు ముఖ్యమైంది ఆ లంగా కాదు, 1897.

ఆ ఏడాది మెయిన్ ప్రభుత్వం వేట గైడ్లందరూ పేరు నమోదు చేసుకోవాలని చట్టం చేసింది. అడవిలోకి, నీటి మీదికి జనాన్ని తీసుకువెళ్లేవాడు ప్రభుత్వానికి జవాబుదారీ కావాలన్నది దాని సారం. ఆ చట్టం కోసం గట్టిగా వాదించిన క్రాస్బీకే మొదటి నంబరు లైసెన్సు దక్కింది. అప్పటికి ఆ రాష్ట్రంలో స్త్రీలకు ఓటు హక్కు లేదు. చట్టసభకు ఒక్కరినీ ఎన్నుకోలేని మనిషి, ఆ చట్టసభ చేసిన చట్టం కింద మొదటి గైడు అయ్యారు.

ఒకే రోజు రెండు వందల ట్రౌట్ చేపలు పట్టారని ఆమె గురించి చెప్పుకునేవారు. అలాంటి మనిషే, ఒకరు ఇన్ని చేపలకు మించి పట్టకూడదని నియమం ఉండాలని పట్టుబట్టారు. నన్ను ఆకట్టుకున్నది ఇదే. చేపను ఎన్నడూ ముట్టని వాళ్లు వేట ఆపమంటే వేటగాడు వినడు. అందరికంటే ఎక్కువ పట్టగలిగిన మనిషి హద్దు పెట్టమంటే వినక తప్పదు. మెయిన్‌లో చట్టప్రకారం వేటాడిన చివరి కారిబూ జింక కూడా ఆమె తుపాకీకే పడిందంటారు. 1899లో ఆ జింకల వేటను నిషేధించారు. కానీ ఆలస్యమైపోయింది, కొన్నేళ్లకే అవి ఆ రాష్ట్రంలో కనుమరుగయ్యాయి. చేపల విషయంలో ఆమె అంత తొందర పెట్టడం ఎంత సబబో దీన్నిబట్టే తెలుస్తుంది.

ఇప్పుడు మన నీళ్ల దగ్గరికి వద్దాం. సరిగ్గా అదే 1897లో మన దేశంలోనూ మత్స్య చట్టం వచ్చింది. నీళ్లలో మందుగుండు పేల్చడం, విషం కలపడం అప్పటినుంచే నేరం. ఏ రకం వల వాడాలో, దాని కొలత ఎంతో నిర్ణయించే అధికారమూ ఆ చట్టం ప్రభుత్వానికి ఇచ్చింది. మరి శ్రీశైలం జలాశయం వెనుక జలాల్లో అలివి వలలు ఇంకా ఎందుకు తిరుగుతున్నాయి? ఆ వల కన్నులోంచి వేలెడంత పిల్ల కూడా బయటపడలేదు. బొచ్చె, శీలావతి పిల్లలను గుట్టలుగా ఒడ్డుకు లాగి, ఎండబెట్టి అమ్మేస్తారు. మామూలు వలతో బతికే మత్స్యకారుడికి మరుసటి ఏడాది పట్టుకోవడానికి ఏమీ మిగలదు. నష్టపోయేది ముందు అతడే. అందుకే ఈ మాట మత్స్యకారుల మీద ఫిర్యాదు కాదు, వాళ్ల తరఫున అడుగుతున్నది.

గాలం సరదా ఉన్నవాళ్లకు వేరే మాట. వానలు పడ్డాక చెరువుల్లో నీటి పైన ఎర్రగా, ముద్దగా కదిలే పిల్లల గుంపును చూసే ఉంటారు. అవి కొర్రమీను పిల్లలు. వాటి అడుగునే తల్లో తండ్రో కాపలా ఉంటుంది. గుంపు మధ్య గాలం వేస్తే పిల్లలను కాచే ఆ చేప కోపంతో వచ్చి కరుస్తుంది. దాన్ని పట్టడం నేర్పు అనుకుంటారు కొందరు. నేనైతే అనుకోను. కాపలా పోయాక ఆ పిల్లలను మిగతా చేపలు, కొంగలు కాసేపట్లో తినేస్తాయి. ఒక్క కొర్రమీనుతో వందల కొర్రమీనులు పోతాయి. ఎర్ర గుంపు కనిపిస్తే గాలం చుట్టేయండి. ఇందుకు చట్టం రావాలని ఎదురుచూడనక్కర్లేదు, కర్నూలులో గాలం వేసేవాళ్లంతా కలిసి ఈరోజే ఒప్పుకోవచ్చు.

క్రాస్బీకి 1890ల చివర్లో మోకాలు దెబ్బతింది. అడవుల్లో తిరగడం తగ్గింది, రాయడం ఆగలేదు. 1946లో, 92 ఏళ్లు నిండిన మరునాడు కన్నుమూశారు.

నేను చెప్పదలచింది ఇంతే. సభలో సుంకేసుల, నందికొట్కూరు వైపు నుంచి వచ్చిన మత్స్యకార పెద్దలున్నారు. ఏ వల కన్ను ఎంత ఉండాలో, ఏ నెలల్లో వేట ఆపితే ఇంటి ఖర్చు ఎలా గడవాలో నాకంటే వాళ్లకే బాగా తెలుసు. ముందు వాళ్లను మాట్లాడనిద్దాం. తర్వాత మీ ప్రశ్నలు తీసుకుంటాను.