ఫర్-ఈచ్‌ని తిట్టే ముందు ఎక్స్‌పాత్ చూడండి

అందరికీ నమస్కారం. 1999లో వచ్చిన ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ, అంటే ఎక్స్‌ఎమ్‌ఎల్ డేటాని వెబ్ పేజీలాంటి వేరే రూపంలోకి మార్చే భాష, దాని గురించి వినడానికి ఇంతమంది వచ్చారంటే నాకే ఆశ్చర్యంగా ఉంది. సరే, నన్ను అందరూ అడిగేది ఒకటే, ఫర్-ఈచ్ ఫాస్టా, అప్లై-టెంప్లేట్స్ ఫాస్టా అని. ఫర్-ఈచ్ అంటే ఒక్కోదాన్నీ తీసుకుని అక్కడికక్కడే పని చేసే లూప్. అప్లై-టెంప్లేట్స్ అంటే ఏ ఎలిమెంటు వస్తే దానికి రాసిపెట్టిన రూల్‌ని, అంటే టెంప్లేట్‌ని, ప్రాసెసర్‌నే ఎంచుకోమనడం.

చాలావరకు తేడా ఏమీ ఉండదండీ. ఒక్కో నోడ్‌కి, అంటే డేటాలోని ఒక్కో ముక్కకి, ఏ టెంప్లేట్ సరిపోతుందా అని ప్రాసెసర్ ఫైలంతా గాలించదు, శాక్సన్ లాంటి ప్రాసెసర్లు ఎలిమెంట్ పేర్లను బట్టి రూల్స్‌ని ముందే సర్దిపెట్టుకుంటాయి.

ఒకసారి నా చేతికి ఒక ఇన్వాయిస్ స్టైల్‌షీట్, అంటే ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ ప్రోగ్రాం, వచ్చింది, నెలాఖరు వస్తే చాలు నత్తనడక. ఫర్-ఈచ్‌లన్నీ పీకేసి టెంప్లేట్లు చెయ్యమన్నారు, రెండు రోజులు కూర్చుని చేశాను, ఒక్క సెకను తగ్గలేదు. అప్పుడు గానీ టైమంతా ఎక్కడ పోతోందో చెప్పే ప్రొఫైల్ తీసి చూడాలని తోచలేదు నాకు. దొంగ ఎక్కడున్నాడంటే, ఒక కస్టమర్ పేరు రెండోసారి రాకుండా ప్రతి వరుసా ప్రిసీడింగ్-సిబ్లింగ్ అనే ఎక్స్‌పాత్‌తో (ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో ఏ ముక్క కావాలో చెప్పే భాష) తన ముందున్న వరుసలన్నీ తడుముతోంది. 10,000 వరుసలు, అన్నీ వేర్వేరు పేర్లు అనుకోండి, దాదాపు 5 కోట్ల పోలికలు! అది ఫర్-ఈచ్‌లో ఉన్నా టెంప్లేట్‌లో ఉన్నా 5 కోట్లే. ఎక్స్‌ఎస్‌ఎల్ కీ, అంటే పేరు చెప్తే వరుసల్ని వెంటనే పట్టిచ్చే సూచిక, పెట్టి స్టీవ్ మ్యూంక్ పేరుమీదున్న గ్రూపింగ్ పద్ధతికి మార్చాక దారికొచ్చింది. 2007లో వచ్చిన ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ 2.0 వాడుతుంటే ఆ తంటా కూడా లేదు, గుంపులు తనే కట్టే ఫర్-ఈచ్-గ్రూప్ ఉంది.

కాబట్టి స్పీడు గొడవ వదిలేసి, రేపు ఎవరు మార్చాలి, ఎలా మార్చాలి అన్నది చూడండి. కాలమ్‌లు మారని టేబుల్ అయితే నేను హాయిగా ఫర్-ఈచ్ రాస్తాను, పైనుంచి కిందికి ఒక్క చూపులో అర్థమవుతుంది. పేరాలో బోల్డ్, అందులో లింకు, మళ్ళీ లోపల ఫుట్‌నోటు, ఏది ఎక్కడొస్తుందో తెలియని డాక్యుమెంటుకి మాత్రం టెంప్లేట్లే గతి. పైగా ఒక క్లయింటుకి ఒక్క ముక్క మార్చాలంటే ఇంపోర్ట్ చేసుకుని ఆ టెంప్లేట్ ఒక్కటే మళ్ళీ రాసుకోవచ్చు, అదే ఫర్-ఈచ్ లోపలున్న దాన్ని బయటి నుంచి ముట్టుకోలేం, కాపీ కొట్టాల్సిందే.

టెంప్లేట్లూ తక్కువేం తినలేదు. మీరు రూల్ రాయని ఎలిమెంటు వస్తే, డిఫాల్ట్ రూల్ అందులోని టెక్స్ట్‌ని నేరుగా అవుట్‌పుట్‌లో పడేస్తుంది. నేను టెంప్లేట్లకి మార్చిన ఆ ఇన్వాయిస్‌లోనే, తర్వాత ఎవరో కొత్తగా ఇంటర్నల్ నోట్ అని ఒక ఎలిమెంటు చేర్చారు. అందులో ఉన్నది 'ఈయన డబ్బులు లేటుగా ఇస్తాడు' అని. ఇన్వాయిస్ వెళ్ళింది ఆయనకే.