కథలో ఆడపడుచు కనిపించిందట

వ్యాఖ్యాత: రచనలోనూ రోజువారీ జీవితంలోనూ స్త్రీలకు ఎదురయ్యే చిక్కుల గురించి మాట్లాడుకుంటున్న నేటి కార్యక్రమంలో మొదటి ఫోన్ తెనాలి నుంచి. చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారం మేడమ్. నాకు 41 ఏళ్లు. రాత్రి గిన్నెలు కడిగి, వంటింటి గట్టు తుడిచాక, పాల లెక్కల పుస్తకం వెనక పేజీల్లో కథలు రాసుకుంటాను. మొన్న ఒక వారపత్రికలో నా కథ అచ్చయింది. అందులో ఒకావిడ ఆవకాయ జాడీకి వాసెన కట్టి, కోడలు విప్పితే తెలిసిపోయేలా నీలం దారంతో తనకు మాత్రమే తెలిసిన ముడి వేస్తుంది. అది తన గురించేనని మా ఆడపడుచు ఏడ్చింది. మారుపేరుతో రాసుకో, లేకపోతే మానెయ్యి అంటున్నారు మావారు.

రచయిత్రి: ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఆ నీలం దారం నిజంగా ఆవిడదేనా?

శ్రోత: ఆవిడదే మేడమ్.

రచయిత్రి: అయితే ఆవిడ బాధలో కొంత న్యాయం ఉంది. మీ కథకు కావలసింది కోడలి చేతికి అందని జాడీ. దారం రంగు మార్చినా, జాడీ బదులు బియ్యం డబ్బాలో వేలితో గీసిన గీత పెట్టినా కథకు పోయేదేమీ లేదు, చుట్టాల్లో ఆవిడను ఎవరూ పోల్చుకునేవారు కాదు. ఈ సంగతి మీరే వెళ్లి చెప్పి, నొచ్చుకోవద్దని అడగండి. అసలు అలాంటి ఇంటి గురించే రాయకూడదంటే మాత్రం ఒప్పుకోకండి. మేనత్తల గురించీ దాయాదుల గురించీ మగవాళ్లు రాస్తే జ్ఞాపకాలని మెచ్చుకునే ఇళ్లలోనే, ఆడవాళ్లు రాసేసరికి ఇంటి గుట్టు గుర్తొస్తుంది. 18వ శతాబ్దపు కవయిత్రి ముద్దుపళని రాసిన శృంగార కావ్యం ‘రాధికా సాంత్వనము’ను గాయని బెంగళూరు నాగరత్నమ్మ 1910లో పూర్తి పాఠంతో అచ్చు వేయించినప్పుడు, మగకవుల శృంగారాన్ని ఓర్చుకున్నవాళ్లే గగ్గోలు పెట్టారు, ప్రభుత్వం పెట్టిన నిషేధం 1947 దాకా తొలగలేదు. మీ జాడీకి అంత గండం లేదు లెండి.

శ్రోత: మరి మారుపేరు సంగతి?

రచయిత్రి: మారుపేరు తప్పు కాదు, మీకు ఇష్టమై పెట్టుకుంటే. మన వారపత్రికల్లో రచయిత్రుల నవలలకు గిరాకీ పెరిగిన రోజుల్లో మగవాళ్లే ఆడపేర్లు పెట్టుకున్నారు. కాని మీ కథను గుర్తుపట్టించింది పేరు కాదు, దారం. అది అలాగే ఉంటే ఏ పేరు పెట్టుకున్నా ఆవిడకు తెలిసిపోతుంది. ఒకవేళ మారుపేరే పెట్టుకుంటే, అసలు పేరు సంపాదకుడికి రాతపూర్వకంగా తెలిపి నకలు దాచుకోండి. 1957 కాపీరైటు చట్టం ప్రకారం రచయిత తదనంతరం 60 ఏళ్ల దాకా హక్కు ఉంటుంది. మారుపేరు వెనక ఎవరున్నారో వెల్లడి కాకపోతే ఆ 60 ఏళ్లనూ అచ్చయిన నాటి నుంచే లెక్కిస్తారు. పాల లెక్కల పుస్తకం పక్కనపెట్టి, మీకంటూ ఒక నోటుపుస్తకం కొనుక్కోండి.

వ్యాఖ్యాత: తరువాతి ఫోన్ సిద్దిపేట నుంచి, ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయులు.

శ్రోత: అమ్మా, మా కోడలు కథలు రాస్తుంది. నేను శ్రద్ధగా ఎర్ర పెన్నుతో తప్పులు దిద్ది ఇచ్చేవాడిని. నాలుగు నెలలుగా నాకు చూపించడం మానేసింది. ఆమెకు నేనేం సాయం చేయగలను?

రచయిత్రి: మాస్టారూ, తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావుకు పాఠం చెబుతుంటే పక్కన కూర్చుని చదువు నేర్చుకున్న భండారు అచ్చమాంబ, 1902లోనే ‘ధనత్రయోదశి’ కథ రాశారు. రాయాలనుకున్న మనిషి భాషను ఎలాగైనా పట్టుకుంటుంది, దొరకనిది సమయమే. 2019 జాతీయ సమయ వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు వెచ్చిస్తున్నట్లు తేలింది. మీ ఇంట్లో సాయంత్రం పిల్లల్ని ఎవరు చూసుకుంటారు?

శ్రోత: కోడలే. హోంవర్కు, పాలు, ఆ తరువాత వంట.

రచయిత్రి: హోంవర్కు, పాలు మీరు తీసుకోండి. ఆరు నుంచి ఏడున్నర దాకా ఆమె గది తలుపు ఎవరూ తట్టకుండా చూడండి. ఏం రాశావని అడగకండి.

శ్రోత: అంటే ఎర్ర పెన్ను దాచేయమంటారా?

రచయిత్రి: ఎందుకండీ, మనవడి ఎక్కాలు దిద్దడానికి పనికొస్తుంది.