కౌంటర్‌లోని మనిషికి చూపించని రిపోర్టు

అధ్యక్షులవారికి, వేదిక మీది పెద్దలకు, ముందు వరసల్లో ఉన్న మేనేజర్లకు, వెనక నిలబడి వింటున్న కౌంటర్ సిబ్బందికి నమస్కారం. నన్ను పిలిచినవారికి కృతజ్ఞతలు. కంపెనీలు మిస్టరీ షాపింగ్‌ను ఎందుకు ఆపేస్తున్నాయో చెప్పమన్నారు. ఏజెన్సీలో షాపర్లు పంపే రిపోర్టులను సరిచూసే సీట్లో చాలా ఏళ్లు కూర్చున్నాను. అక్కడ నాకు కనిపించిందే చెబుతాను.

ఈ పని తెలియనివారికి ముందుగా ఒక మాట. కంపెనీ కోరితే ఏజెన్సీ పంపే ఒక మనిషి మామూలు కొనుగోలుదారులా షాపుకు వస్తాడు. కొంటాడు, అడుగుతాడు, గమనిస్తాడు, బయటికెళ్లి చెక్‌లిస్టు నింపుతాడు. ఆ మనిషే మిస్టరీ షాపర్. 1940ల నాటికే ఈ పేరు వాడుకలోకి వచ్చింది. మొదట్లో దీన్ని వాడింది గల్లాపెట్టెలో డబ్బు కాజేస్తున్న ఉద్యోగులను పట్టుకోవడానికి. సేవ ఎలా ఉందో చూడటం తర్వాత వచ్చింది. ఈ పుట్టుకను కాస్త గుర్తుపెట్టుకోండి.

ఆపేసే కంపెనీ రాసే ఉత్తరంలో కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే, ఖర్చు. నిజమే, ఖర్చుంది. షాపరుకు ఫీజు ఇవ్వాలి, కొన్న సరుకు డబ్బు తిరిగివ్వాలి, ఎవరు ఎక్కడికి ఎప్పుడు వెళ్లాలో చూసే మనిషి కావాలి, రిపోర్టు దిద్దే మనిషి కావాలి. మరోపక్క చవక దారులు వచ్చాయి. 2003లో ఫ్రెడ్ రైక్‌హెల్డ్ నెట్ ప్రమోటర్ స్కోరు అనే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాక, "మమ్మల్ని మీవాళ్లకు సిఫారసు చేస్తారా?" అన్న ఒక్క ప్రశ్నతో సరిపెట్టుకునే కంపెనీలు పెరిగాయి. బిల్లు అడుగున సర్వే లింకు పెడితే తక్కువ ఖర్చుతో ఎక్కువ మంది అభిప్రాయాలు వస్తాయి. 2020లో కోవిడ్ వచ్చి షాపులు మూతపడ్డాయి, విజిట్లు ఆగాయి. షాపులు తెరిచాక కూడా కొన్ని కంపెనీలు వాటిని మళ్లీ మొదలుపెట్టలేదు.

నన్ను ఆలోచింపజేసింది ఆ చివరి మాటే. ఆగిపోయిన పని నిజంగా అవసరమైనదైతే ఎవరో ఒకరు అడగాలి కదా! "మా రిపోర్టులు ఏవి?" అని ఒక్క స్టోరైనా అడగాలి. ఎందుకు అడగలేదు? నాకు తెలిసిన జవాబు చెప్పాలంటే ఒక రిపోర్టు గురించి చెప్పాలి. నేను రాసుకొచ్చిన వరసలో ఇది చివర్లో ఉంది. ఇప్పుడే చెప్పేస్తాను.

అదొక చెయిన్ స్టోర్ల కంపెనీ. చెక్‌లిస్టులో 20 ప్రశ్నలు, ఒక్కోదానికి 5 మార్కులు. షాపరు బిల్లు కట్టడానికి లైన్లో నిలబడ్డాడు. అతని ముందు ఒక పెద్దాయన. ఆయనకు చెవులు సరిగా వినిపించవు, కార్డు పనిచేయడం లేదు, కంగారు పడిపోతున్నాడు. క్యాషియర్ అమ్మాయి లేచి ఆయన పక్కకు వచ్చింది. కట్టాల్సిన మొత్తాన్ని కాగితం మీద పెద్ద అంకెల్లో రాసి చూపించింది. ఆయన నోట్లు లెక్కపెట్టుకునేదాకా ఆగింది. సంచి కూడా సర్దిచ్చింది.

తర్వాత షాపరు వంతు. 30 సెకన్లలోపు పలకరించారా? లేదు. కొత్త ఆఫర్ గురించి చెప్పారా? లేదు, వెనక లైను పెరిగిపోయింది. లాయల్టీ కార్డు ఉందా అని అడిగారా? లేదు. నవ్వుతూ వీడ్కోలు చెప్పారా? లేదు. నాలుగు లేదులు, 20 మార్కులు పోయాయి, స్కోరు 80. బోనస్ రావాలంటే 85 ఉండాలి.

షాపరు మంచి మనిషి. చివర వ్యాఖ్యల గడిలో జరిగిందంతా రాశాడు, ఇంత ఓపిక ఎక్కడా చూడలేదని కూడా రాశాడు. నేను అందులో ఒక్క అక్షరం తీయలేదు. ఆ వ్యాఖ్య తప్పక చదవండని పైన నోట్ పెట్టి పంపాను. హెడ్డాఫీసులో పట్టికలోకి ఎక్కింది 80 అనే అంకె మాత్రమే. ఆ నెల ఆ అమ్మాయికి బోనస్ రాలేదు. స్టోరు మేనేజరు అప్పీలు చేశాడు, అది నా టేబుల్ మీదికే వచ్చింది. స్కోరు సరిచేయమని నేను సిఫారసు చేశాను. ప్రశ్నలకు జవాబులు నిజమే కాబట్టి మార్చడం కుదరదని కంపెనీ జవాబిచ్చింది. రిపోర్టు ఒకసారి చూపించమని ఆ అమ్మాయి అడిగితే రహస్యం అన్నారు. ఆమెను పొగిడిన కాగితాన్ని ఆమెకే చూపించలేదండీ! కొద్దికాలానికి ఆమె ఉద్యోగం మానేసింది.

నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు.

తర్వాత ఆ స్టోర్లలో ఏం జరిగిందో వినండి. షాపరును కనిపెట్టడం సిబ్బందికి పనిలో భాగమైపోయింది. గడియారం చూసుకునేవాడు, బ్యాడ్జీ మీద పేరు చదివేవాడు, చిన్న వస్తువు కొని బిల్లు జాగ్రత్తగా దాచుకునేవాడు ఎవరైనా అనుమానితుడే. "ఇవాళ వచ్చాడు" అని ఒక స్టోరు నుంచి ఇంకో స్టోరుకు మెసేజ్ వెళ్లేది. అప్పీళ్లు కుప్పలుగా వచ్చేవి, మేనేజర్ల సమయం వాటికే సరిపోయేది. స్కోర్లు మాత్రం పెరిగాయి. అందరికీ 95, 96. అప్పుడు ఫైనాన్స్ వాళ్లు అడిగారు, అందరూ బాగానే ఉంటే ఈ ఖర్చెందుకని. కాంట్రాక్టు రెన్యువల్ కాలేదు. ఉత్తరంలో కారణం, బడ్జెట్.

బ్రిటిష్ ఆర్థికవేత్త చార్ల్స్ గుడ్‌హార్ట్ 1975లోనే ఇలాంటి సంగతి చెప్పాడు. కొలతను అదుపుకోసం వాడటం మొదలుపెడితే ఆ కొలత నమ్మదగ్గదిగా ఉండదు. ఆయన మాట్లాడింది ద్రవ్య విధానం గురించి. మన కౌంటర్లకూ అది అలాగే వర్తిస్తుంది. పైగా నెలకు ఒక విజిట్ అంటే ఏడాదికి 12. ఏడాది పొడవునా కౌంటర్ దగ్గర నిలబడే మనిషిని 12 సందర్భాలతో తూకం వేయగలమా? సేవ ఎక్కడ కుంటుతోందో పట్టుకోవడానికి అవి పనికొస్తాయి. ఒక మనిషి జీతం తేల్చడానికి పనికిరావు.

ఇక్కడున్న మేనేజర్లను ఒకటి అడుగుతాను. మీ సిబ్బందిలో తమ రిపోర్టును మొదటి నుంచి చివరిదాకా చదివినవాళ్లు ఉన్నారా? ఉంటే చెయ్యెత్తండి. ... సరే, దించండి.

కాలిఫోర్నియా కార్మిక చట్టంలో 2930 అనే సెక్షన్ ఉంది. బయటి నుంచి పెట్టుకున్న షాపరు రిపోర్టు ఆధారంగా ఉద్యోగిని శిక్షించాలన్నా, తీసేయాలన్నా, ముందు ఆ రిపోర్టు ప్రతిని ఉద్యోగి చేతికివ్వాలి. ఇలాంటి పరీక్ష ఉంటుందని సిబ్బందికి ముందే తెలియజేయాలని మార్కెట్ పరిశోధకుల అంతర్జాతీయ సంస్థ ఎసోమార్ మార్గదర్శకాలూ చెబుతాయి. దొంగలను పట్టే పనిగా పుట్టిన పద్ధతికి ఈ కళ్లెం అవసరమైంది.

ఇంకో సంగతి. 2011లో అమెరికా ఆరోగ్య శాఖ డాక్టర్లకు రోగుల్లా ఫోన్లు చేయించి, అపాయింట్‌మెంట్ దొరుకుతోందో లేదో చూడాలనుకుంది. డాక్టర్లు గట్టిగా అభ్యంతరం చెప్పారు, పథకం మొదలవకముందే ఆగిపోయింది. డాక్టర్లకు గొంతుంది, విన్నారు. కౌంటర్‌లోని అమ్మాయి అడిగితే రహస్యం అన్నారు.

పద్ధతి మీద నాకు ద్వేషం లేదు. అమెరికా వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థ ఒక బ్యాంకు శాఖలకు తెల్లవారిని, నల్లవారిని రుణం అడిగేవాళ్లుగా పంపించి, వాళ్లతో వేరువేరుగా ప్రవర్తించిన తీరును 2016లో వేసిన కేసులో ఆధారంగా చూపించింది. ఏ సర్వే లింకూ ఆ పని చేయలేదు. తనతో పాటు వచ్చినవాడికి ఏం చెప్పారో మామూలు కస్టమరుకు ఎలా తెలుస్తుంది?

టైమ్ అయిపోయిందని చీటీ వచ్చింది, ముగిస్తాను. ఈ ఏడాది మీలో ఎవరైనా ఈ ప్రోగ్రాం ఆపేసే ఉత్తరం రాయబోతుంటే, దానికి ముందు ఒక పని చేయండి. స్కోర్లు ఉన్న పట్టికను పక్కన పెట్టి, వ్యాఖ్యల గడులు తెరవండి. ఎవరి గురించి రాశారో వాళ్లను పిలిచి చదివించండి. వ్యాఖ్య ఒకటి చెబుతుండగా అంకె ఇంకోటి చెప్పి ఎవరి బోనస్ అయినా ఆగి ఉంటే, ఆ డబ్బు వాళ్లకు ఇచ్చేయండి. ఆ రిపోర్టులు ఇంకా మీ సర్వర్లలోనే ఉన్నాయి.